ఏడో నంబరు తునక

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను తూకాలమ్మ అనేవారు, ఎదురుగా కాదనుకోండి. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఒక్కటే. గోరంత లోహపు తునకలను చిన్న పట్టకారుతో పట్టి గాజుపెట్టెలోని త్రాసు మీద పెట్టడం, ఊపిరి బిగబట్టి అంకె రాసుకోవడం. ఆ తునకలు ఏడు వందల డిగ్రీల వేడికి నీళ్లలా కరిగిన ఉప్పులో నెల రోజులు వేలాడతాయి. ఉప్పు లోహాన్ని కొరుక్కు తింటుంది. ఎంత తిన్నదో తేల్చేది ఆమె త్రాసే.

మూడేళ్ల కిందట ఒక లెక్కలాయన వచ్చాడు. తునకను ముంచకముందే అది ఎంత తరుగుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టి, ఆ పట్టికను గోడలకు అంటించేవాడు. మొదటి రెండు నెలలు ఆయన దారి ఆయనది, త్రాసు దారి త్రాసుది. మూడో నెల నుంచి అచ్చుగుద్దినట్టు కలవడం మొదలైంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. లోహం అంత బుద్ధిగా చెప్పిన మాట వినడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"ఏమ్మా, ఈసారీ కలిసిందా?" అని ఆయన నవ్వుతూ వచ్చేవాడు.

"కలవక ఏం చేస్తుంది సార్" అనేది మూతి బిగించి.

తను తూచాక ఆయనే గుట్టుగా పట్టిక మార్చేస్తున్నాడని ఆమె అనుమానం. పట్టికలోని అంకెలన్నీ ముందే నోటుబుక్కులో ఎక్కించుకుని, నెలనెలా సరిచూసింది. నాలుగు నెలలు చూసినా ఒక్క అంకె మారలేదు.

ఆయన కాకపోతే మరెవరు? ఉప్పుకీ త్రాసుకీ మధ్య ఇంకో జత చేతులే ఉన్నాయి. తునకలకు పట్టిన పెచ్చును కడిగే మనిషివి. ఆ మనిషి ఆమె చెల్లెలి మొగుడు. పూచీ ఇచ్చి పనిలో పెట్టించింది తనే. ఛీ, ఏం పాడు బుద్ధి అని తనను తానే తిట్టుకుంది. అయినా పురుగు తొలుస్తూనే ఉంది.

ఒకరోజు కడగాల్సిన పళ్లెంలో ఏడో నంబరు తీసేసి, అంతే బరువుండి, అదే నంబరు వేసిన కొత్త తునకను పెట్టింది. ఉప్పు మొహం చూడని తునక అది. ఎంత కడిగినా వెంట్రుకవాసి తరగకూడదు.

సాయంత్రం దాన్ని త్రాసు మీద పెట్టి చూసింది. గోడ మీది పట్టికలో ఎంత ఉందో, సరిగ్గా అంత తరిగింది.

కడిగే గదిలోకి వెళ్లి తలుపు వేసింది. "ఇది ఉప్పులోకే దిగలేదయ్యా. ఇంత ఎలా అరిగింది?"

అతను చేతిలోని పళ్లెం కింద పెట్టాడు. "మొదట్లో కలవనప్పుడు, కడగడం సరిగ్గా లేదేమోనని ఆ సారు నావైపే చూశాడు వదినా. ఉద్యోగం ఊడుతుందని భయమేసింది. ఇక్కడి పాత త్రాసు మీద చూసుకుంటూ, గోడ మీది అంకె వచ్చేదాకా ఆసిడ్‌లో వేసి గరుకు కాగితంతో రుద్దేవాణ్ని."

"ముందే ఎక్కువ తరిగిపోయుంటే ఏం చేసేవాడివి?"

"ఎప్పుడూ తరగలేదు. ఆయన చెప్పినంత ఏ తునకా తరగలేదు వదినా. ఎవరికీ చెప్పకు. నీ చెల్లెలి మొహం చూసైనా..."

ఆమె నేరుగా లెక్కలాయన గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ముందు మిమ్మల్నే అనుమానించాను సార్" అని కూడా చెప్పింది.

"నయం, మీరైనా అనుమానించారు. నేను సంబరపడుతూ కూర్చున్నాను" అన్నాడు ఆయన.

ఎనిమిది నెలల పని బుట్టదాఖలైంది. కొత్త తునకలను ముంచి, అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే అసలు సంగతి బయటపడింది. ఉప్పు పైపైన తినడం లేదు, లోపలికి దూరి లోహంలో కలిసిన క్రోమియాన్ని లాగేస్తోంది. పైకి నున్నగా ఉన్న లోహం లోపల చిల్లులు పడింది. లెక్కంతా తిరగరాయడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది.

మరిదిని సామాన్ల గదికి మార్చారు. చెల్లెలు ఏడు నెలలు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మొదట అడిగింది ఇదే: "ఇంట్లో మనిషిని అనుమానించడానికి నీకు మనసెలా ఒప్పిందక్కా?"

"ఒప్పలేదే. అందుకే అన్ని నెలలు పట్టింది" అంది ఆమె.

మరిది మాత్రం వదినా అని పిలవడం మానేశాడు. నడవాలో ఎదురైతే "నమస్తే మేడమ్" అని పక్కకు తప్పుకుంటాడు.