కలం వెతుకుతూ పోటు తప్పించాను

మా బావగారు, అంటే నా భార్య సత్యవతి అన్నయ్య, నాగాయలంకలో వేటకు కొత్త బోటు కట్టించారు. మావాళ్లలో ఇంటి ఆడపడుచు హారతి ఇస్తేనే కొత్త బోటు నీళ్లలోకి దిగుతుంది. అదీ పోటు వచ్చి నీళ్లు రేవు నిండా ఉన్నప్పుడే. ఆ రోజు పోటు పదకొండు గంటలకు. అందుకని పొద్దున్నే గుడివాడలో బందరు ప్యాసింజరు ఎక్కాం. గుడ్లవల్లేరులో గాని కూర్చోడానికి చోటు దొరకలేదు. సత్యవతి హారతి పళ్లెం ఉన్న సంచిని ఒళ్లోంచి దించలేదు.

నా ధ్యాస వేరే ఉంది. రిటైరయ్యాక నాకు మాటల పిచ్చి పట్టింది. ఈమధ్య ‘కలం’ వెంట పడ్డాను. రాసే కలం అరబ్బీ నుంచి వచ్చింది. పాత తెలుగులో కలమంటే ఓడ. అది తమిళానికీ మనకూ ఉమ్మడి మాట. సంస్కృతంలో కలమం ఒక రకం వరి. రాత ఒకటే, పుట్టుకలు వేరు. కిటికీలోంచి వరిచేలు, ముందు బందరు రేవు, ఆ ఊరికి కలంకారీ అద్దకంతో పేరు. అన్నీ ఒక్క దారిలోనే ఉన్నాయని మురిసిపోయాను.

బందరు బస్టాండులో నాగాయలంక బస్సు సిద్ధంగా ఉంది.

“ఎక్కండి, సీట్లున్నాయి,” అంది సత్యవతి.

ఎదురుగా కలంకారీ దుప్పట్ల కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. “ఐదు నిమిషాలు,” అని రోడ్డు దాటాను.

కొట్టు కరీం గారిది. కలం ఒకటి చూపించమన్నాను.

“ఇక్కడ కలమెక్కడిదండీ? పేరుకే కలంకారీ. మా పనంతా చెక్క అచ్చులతోనే,” అని నవ్వారాయన. “కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. తమరు తప్పు రైలెక్కారు.”

నేను ఊరుకోలేదు. ఓడ సంగతి, వరి సంగతి మొదలుపెట్టాను. ఆయన టీ తెప్పించారు.

“మేష్టారా తమరు?”

“కాదండీ, ఆఫీసులో గుమస్తాగా చేశాను.”

“మరి ఇదంతా ఎందుకండీ?”

దానికి జవాబు చెప్పి బయటికొచ్చేసరికి బస్సు లేదు. నన్ను వదిలి ఎక్కలేక సత్యవతి సంచితో ఎండలో నిలబడి ఉంది.

తరవాతి బస్సు గంటన్నరకు వచ్చింది. చల్లపల్లిలో కిక్కిరిసింది. అవనిగడ్డ దాటేదాకా నిలబడే ఉన్నాం.

రేవుకు చేరేసరికి పోటు నీళ్లు వెనక్కి తీసేశాయి. రంగు మెరుస్తున్న బోటు బురదలో ఒరిగిపోయి ఉంది. దానికి కట్టిన బంతిదండలు వాడాయి. వేట మానుకుని వచ్చిన నలుగురు, పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా, వలల పక్కన కూలబడ్డారు.

“మీ ఆవిడ చేత హారతి ఇప్పించాల్సింది కదా,” అన్నాను బావగారితో.

“చెల్లి ఉండగానా?” అన్నారు. “రేపటి పోటుకి దించుదాంలే. ఏమ్మా, ఇంత ఆలస్యమైందే?”

“బస్సు దొరకలేదన్నయ్యా,” అంది సత్యవతి.

నేను బురదకేసి చూస్తూ నిలబడ్డాను.

రాత్రి అక్కడే ఉండిపోయాం. మర్నాడు మధ్యాహ్నం పోటు వచ్చింది. సత్యవతి హారతి ఇచ్చి, బోటు ముక్కుకు కుంకుమ పెట్టింది. “బావగారూ, కొంగలాగా గట్టునే నిలబడతారా? చెప్పులిప్పి రండి!” అని ఒకాయన కేకేశాడు. మోకాటి లోతు బురదలో దిగి అందరితో పాటు నెట్టాను. మీరు బోటును ఏమేమి పేర్లతో పిలుస్తారని అడగబోయి మానేశాను.

సాయంత్రానికి మళ్లీ బందరు స్టేషనుకు చేరాం. ఒళ్లంతా పచ్చిపుండుగా ఉంది. గుడివాడ రైలు ప్లాట్‌ఫారం మీదే ఉంది.

“ఇంకెప్పుడూ నా చేత అన్నయ్యకి అబద్ధం చెప్పించకండి,” అంది సత్యవతి, బల్ల మీద కూర్చుంటూ.

మంచినీళ్లకని కొంచెం దూరం వెళ్లి ఫోను చేశాను. “బావగారూ, నిన్న బస్సు దొరికింది. నేనే కొట్లో కూర్చుండిపోయాను.”

“తెలుసు బావా,” అన్నారు. “ఆ బస్సుకి ఎదురొచ్చి నిలబడింది నేనేగా. చెల్లి బస్సు ఎక్కకుండా బందరులో ఎండకి నిలబడుందని మా ఊరి కండక్టరే చెప్పాడు. నాకు తెలుసని దానికి చెప్పకండి. జాగ్రత్తగా వెళ్లండి.”

రైలెక్కాక సత్యవతి అడిగింది. “ఎవరికి ఫోను?”

“మీ అన్నయ్యకి. జరిగింది చెప్పేశాను.”

“ఏమన్నాడు?”

“జాగ్రత్తగా వెళ్లమన్నారు.”

పెడన దాటాక ఆమె నిద్రపోయింది. అన్న ఒకవైపు, చెల్లెలు ఒకవైపు నా తప్పును కప్పిపెట్టారు. గుడివాడ దాకా నేను మెలకువగానే ఉన్నాను.