రెండు చిన్న బ్యాంకులు, వెయ్యి షేర్లు

హుకుంపేట చుట్టుపక్కల బ్యాంకు షేర్ల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఈ మాట నేను చాలామందితో అన్నాను. అబద్ధం కాదు. ఇక్కడ ఆ సంగతి పట్టించుకున్న రెండో మనిషి లేడు, అంతే.

సహకార సంఘంలో గుమాస్తాగా ఈ కొండల్లోకి వచ్చాను. ఉద్యోగం అయిపోయింది, నా భార్య పోయింది, పిల్లలు లేరు. మైదానంలో ఉన్న మా వాళ్ళ దగ్గరికి దిగిపోవచ్చు గానీ అక్కడ నేనొక ముసలి చుట్టాన్ని. ఇక్కడ మాస్టారుని. ఒక్కరోజు కూడా ఎవరికీ పాఠం చెప్పలేదు. మొదట ఎవరో అలా పిలిచారు, నేను కాదనలేదు.

పొద్దున్నే టీవీలో షేర్ల చానల్ పెడతాను. అందులో అమ్మాయి నమస్కారం అంటే నేనూ నమస్కారం అంటాను. కొన్ని రోజులు నా గొంతు నాకు వినబడేది ఆ ఒక్కసారే. తర్వాత నోటుబుక్కు తీస్తాను. పెద్ద బ్యాంకుల గురించి లోకమంతా మాట్లాడుతుంది, నా అవసరం వాటికి లేదు. ఒక ప్రాంతాన్ని పట్టుకుని బతికే చిన్న బ్యాంకులంటే నాకు ఇష్టం. ముఖ్యంగా రెండు. ఒకటి సముద్రం ఒడ్డు బ్యాంకు, ఎక్కువగా బంగారం తాకట్టు మీద అప్పులిస్తుంది. ఇంకొకటి మిల్లుల ఊరి బ్యాంకు, నూలు వ్యాపారుల్ని నమ్ముకుంది. మొదటిదాని షేరు పుస్తక విలువ కన్నా, అంటే లెక్కల్లో దాని వంతుకొచ్చే ఆస్తి కన్నా, చవగ్గా దొరుకుతుంది. రెండోదాని ఖరీదు ఎక్కువ, మొండి బాకీలు తక్కువ. ఎడమ పేజీ ఒకదానికి, కుడి పేజీ ఇంకోదానికి.

సంతరోజు ఒక కాఫీ రైతు నా అరుగెక్కేవాడు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. తెచ్చిన మిరియాలు అమ్ముకుని, టీ తాగి, కాస్సేపు కూర్చుని కొండెక్కిపోయేవాడు. వారం మొత్తంలో నాతో కూర్చునే మనిషి అతనొక్కడే. ఇంకో గ్లాసు సేపు అతన్ని ఆపడానికే, రెండు బ్యాంకుల్లోనూ నాకు చెరో వెయ్యి షేర్లున్నాయని ఒకరోజు కోతలు కోశాను.

"అయితే బేంకోళ్ళు మిమ్మల్ని సూసి లేసి నిలబడతారేటి మాస్టారూ?"

"నిలబడరా మరి!"

మొండి బాకీలంటే ఏమిటో చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. "తెలిసింది. కాఫీ పళ్ళు నీళ్ళ తొట్టిలో ఏత్తాం. మంచియి మునుగుతాయి, పొల్లు తేలతాది. ఆళ్ళిచ్చిన అప్పుల్లో ఏపాటి తేల్తందో సూడాల. అంతే గదా?"

అంతే. ఇన్నేళ్ళుగా బ్యాంకుల నివేదికలు చదువుతున్న నాకు ఆ పోలిక తట్టలేదు. మర్నాడు పోస్టుమాన్‌కి అది నా మాటగా చెప్పాను.

ఈ ఏడు కాఫీకి మంచి ధర వచ్చింది. పండు తొక్క తీసే మిషను కొనుక్కోవాలని అతనికి చాలాకాలంగా ఉంది. అది ఉంటే కోసిన పండు కోసినట్టే వ్యాపారి చెప్పిన రేటుకి పోసెయ్యక్కర్లేదు. ఆ డబ్బు గుడ్డ సంచిలో పట్టుకుని వచ్చాడు.

"మిషను వచ్చే కోతలకి గదా. అందాకా మీ బేంకు షేర్లలో ఏసీద్దాం. ఏ బేంకో మీరే సెప్పండి."

"పడిపోతే?"

"మీ వెయ్యి పడిపోయే కాడ నాయి ఎట్టమంటారేటి?"

వచ్చే సంతకి చెబుతానన్నాను. ఆ వారం ఏనాడూ చదవనంత శ్రద్ధగా చదివాను. బంగారం దిగితే మొదటిదానికి దెబ్బ. నూలు వ్యాపారం మందగిస్తే రెండోదానికి. పదేళ్ళు ఆగగలిగినవాడికి రెండూ మంచివే కావచ్చు. ఎనిమిది నెలల్లో మిషనుగా మారాల్సిన డబ్బుకి రెండూ పనికిరావు. ఆ మాట చెప్పడానికి అర నిమిషం చాలు. కానీ వెయ్యి షేర్లవాడు వద్దంటే అతను నమ్మడు.

సంతరోజు ఫోన్ తెరిచి నా ఖాతా చూపించాను.

"ఒకటా?"

"ఒకటే. అందులో ఒకటి, ఇందులో ఒకటి."

"పక్కన సున్నాలు కనబడ్డం లేదేటి?"

"లేవు."

"ఒక్కటి కొని ఏటి సేత్తారు మాస్టారూ?"

చెప్పాను. ఒక్క షేరున్నా వాటాదారే. కాగితం ప్రతి కావాలని రాస్తే ఏటా ఇంత లావు నివేదిక పోస్టులో వస్తుంది, పైన నా పేరుతో. అది ఇవ్వడానికి పోస్టుమాన్ గుమ్మం దాకా వస్తాడు.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మా ఇంటిదానికి సెప్పీసినాను. ఊరోళ్ళకీ సెప్పీసినాను, మా మాస్టారికి వెయ్యున్నాయని."

"ఆ డబ్బు పోస్టాఫీసులో వేసుకో నాయనా. ఏడాదిలోపు కావలసింది షేర్లలో పెట్టకూడదు."

"ఆ ముక్క ఎనకటి సంతకే సెప్పొచ్చు గదా," అని టీ సగం ఉండగానే లేచాడు.

డబ్బు పోస్టాఫీసులోనే వేశాడని పోస్టుమాన్ చెప్పాడు. రెండు సంతలు గడిచాయి, అతను రాలేదు. కోతల్లో ఉన్నాడని టీ కొట్టాయనతో అన్నాను. కోతలు అయిపోయి నెల దాటింది. ఆ సంగతి టీ కొట్టాయనకీ తెలుసు.

నిన్న మళ్ళీ సంత. అతను భుజాన మూటతో మా వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూశాను. నన్ను చూస్తే ఎక్కాలో మానాలో తేల్చుకోలేక ఇబ్బంది పడతాడని తలుపు మూశాను. అంత మంచితనం నాకు లేదు. నన్ను చూసి కూడా ఎక్కకుండా పోతాడేమోనని మూశాను. గడియ మాత్రం పెట్టలేదు.