తలుపులన్నీ నీలం

లండన్‌లో మా వీధి ఒకప్పుడు గుర్రాలది. కింద శాలలు, పైన గడ్డి అటకలు. ఇప్పుడు శాలల్లో సోఫాలు, అటకల మీద మేము. ఇళ్లన్నీ ఒకే అచ్చు. టాక్సీలు బాగుచేసి రిటైరైన ఎడ్గర్ ప్లమ్లీ గారు తన ఇంటిని ఆకుపచ్చ తలుపును బట్టే గుర్తుపట్టేవారు.

ఆయన మేనకోడలు విన్నీ గట్టి మనిషి. "ఇంకోసారి తికమకపడ్డావంటే నిన్ను వృద్ధాశ్రమంలో పెట్టేస్తాను, అంకుల్! ఆదివారం వచ్చి చూస్తా," అంది. సరిగ్గా ఆ వారమే మా వీధి సంఘం తలుపులన్నింటికీ నీలం రంగు వేయించింది.

ఆదివారం ప్లమ్లీ గారు పాలు కొనుక్కొచ్చి, పూలకుండీ కింద తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లారు. మా వీధిలో అందరి తాళంచెవులూ కుండీల కిందే ఉంటాయి. ఆయన టీ పెట్టుకుంటుండగా ఆ ఇల్లుగల డోరీన్ స్కెల్టన్ చర్చి నుంచి వచ్చింది. పక్కింటాయన తన వంటింట్లో ఉన్నారు! 'ఇది నా ఇల్లండీ' అనడానికి ఆవిడకి నోరు రాలేదట. తర్వాత నాతో అంది.

"రండి మిస్ స్కెల్టన్, కూర్చోండి. చక్కెర వెయ్యనా?"

"ఒక చెంచా... అదుగో, ఆ ఎర్ర డబ్బాలో ఉంది."

"మా ఇంట్లో ఎర్ర డబ్బా ఎక్కడిదండీ!" అని నవ్వుతూ అటు తిరిగారు. డబ్బా ఉంది. గోడ మీద పటాల్లో ఎవరెవరో ఉన్నారు. ఆయన మొహం పాలిపోయింది.

"మిస్ స్కెల్టన్... నేనెక్కడున్నాను?"

అప్పుడే బయట పక్కింటి తలుపు దబదబా మోగింది. "అంకుల్! నేనే, విన్నీని!"

డోరీన్ కిటికీ తెరిచింది. "ఇక్కడున్నారమ్మాయ్! టీకి నేనే పిలిచాను."

విన్నీ లోపలికొచ్చి, చుక్క ఒలక్కుండా టీ పోస్తున్న మామయ్యని ఎగాదిగా చూసింది. "బాగానే ఉన్నావే! బిస్కెట్లు తగ్గించు," అని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు డోరీన్ ఆయన గుమ్మం పక్కన, గుర్రాల్ని కట్టే పాత ఇనుప కడియానికి ఆకుపచ్చ మఫ్లర్ కట్టింది. అదేదో సంఘం కొత్త ఏర్పాటు కాబోలనుకున్నాం. కారణం అడిగితే ఏం బావుంటుంది? సాయంత్రానికల్లా అందరం మా కడియాలకీ కట్టేశాం. నాదీ ఆకుపచ్చదే.

ప్లమ్లీ గారు పాలసీసా పట్టుకుని వీధి మధ్యలో ఆగిపోయారు. మఫ్లర్ తర్వాత మఫ్లర్ చూస్తున్నారు.

"మిస్టర్ ప్లమ్లీ! టీ అయింది, రండి!" అని పై కిటికీలోంచి డోరీన్ కేకేసింది.

"మీ ఇంటికా, మా ఇంటికా?"

"ముందు రండి! తాగాక తేల్చుకుందాం."