సున్నా వేసిన చోట

మా పల్లెబడిలో చదివి పరీక్షలు దిద్దేదాకా ఎదిగిన మనిషి లెక్కల మాస్టారు. ముప్పయ్యారేళ్లలో వేసిన మార్కు మార్చలేదన్నది ఆయన గొప్ప. ఆ మధ్యాహ్నం మూల్యాంకన కేంద్రంలో దిద్దిన పేపర్లన్నీ గుమస్తాకి ఇచ్చేశాక కూడా గదిలో అటూ ఇటూ తిరుగుతూ గాలిలో వేలితో వంపులు గీస్తున్నారు. సమాకలనితో, అంటే ఇంటిగ్రల్‌తో, నిర్వచించిన ప్రమేయం గీత ఎక్కడ గిన్నెలా పైకి వంగుతుందన్నది ప్రశ్న. ఆ ఇంటిగ్రల్ లోపలి ప్రమేయం పెరిగే చోటల్లా, అది అక్షానికి కిందున్నా సరే, అని ఒకమ్మాయి రాసింది. అక్షానికి పైనుండాలనుకుని ఆయన సున్నా వేశారు.

"కట్ట కట్టేశాను మాస్టారూ, ఇంటికెళ్లండి. కాళ్లరిగిపోతాయి," అన్నాడు గుమస్తా.

"విప్పు నాయనా. పిల్ల రాసిందే రైటు. ఆ ఐదు మార్కులూ లేకపోతే తప్పుతుంది."

"మరి మీ ముప్పయ్యారేళ్లో?"

"ఉంటే ఉన్నాయిలేవయ్యా, విప్పు!"

సున్నా కొట్టేసి ఐదు వేశారు. దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం చాలు. ఆయన పూర్తి పేరు రాశారు.