మా అధ్యక్షుడి ఇంటి కొబ్బరికాయలు

ముందే చెబుతున్నాను, నా మాటలో సగం తీసేసి వినండి. జల్లు పడితే వరద అంటాను, పిల్లి కనిపిస్తే పులి అంటాను. సిరొంచ బజారులో నా పుస్తకాల దుకాణం అగ్గిపెట్టెంత. అందులో కూర్చున్నవాడికి ఏదో ఒకటి పెద్దది కావాలి కదా, అందుకని మాటలు పెద్దవి చేసుకున్నాను.

నా పక్క దుకాణం మా వ్యాపారుల సంఘం అధ్యక్షుడిది. తాతల కాలం నుంచి బట్టల వ్యాపారం చేస్తున్న ముస్లిం కుటుంబం. ఊరంతా ఆయనను భాయ్ అనే పిలిచేది. ఎన్నికలొస్తే ఏ పార్టీ అభ్యర్థి అయినా ముందు ఆయన గద్దె మీద కూర్చుని చాయ్ తాగాకే ఊళ్లోకి కదిలేవాడు. ఆ రోజుల్లో అక్కడ కాచిన చాయ్ నదిలో వదిలితే ప్రాణహిత ఎర్రబడేది.

మా వైపు ఏ సభ జరిగినా పెద్దమనిషికి శాలువా కప్పి కొబ్బరికాయ చేతిలో పెట్టాల్సిందే. పక్క పల్లె బడిలో వార్షికోత్సవం గ్యాదరింగ్ అయినా, బజారులో కొత్త దుకాణం ప్రారంభమైనా మొదటి శాలువా మా భాయ్‌దే. తమాషా ఏమిటంటే ఆ శాలువాలు కొనేదీ ఆయన దుకాణంలోనే. ఇంకోచోట కొనాలంటే అహేరి వెళ్లాలి. ఆ రోడ్డు మీద పోయి వచ్చినవాడి ఎముకలు ఒకదాని చోట ఒకటి మారి ఉంటాయి. కాబట్టి తనకు కప్పే శాలువాను తనే మడతపెట్టి, సంచిలో వేసి, అమ్మి పంపేవాడు.

ఇక కొబ్బరికాయలు. ఏ గుడిలోనూ అన్ని ఉండవు. వాళ్లింటి పీచుతో తాడు పేనితే నది మీద వంతెన అవసరమే ఉండేది కాదు. సభ నుంచి ఆయన రాగానే ఆయన భార్య, మా భాభీ, గుమ్మంలోనే కాయ అందుకుని, చెవి దగ్గర ఊపి చూసేది. నీళ్లు కదిలితేనే పలకరింపు. మిగిలినవి మా ఇంటికి వచ్చేవి. మా ఆవిడ చారులో కూడా కొబ్బరి వేసింది.

రెండేళ్లుగా ఆ రాక తగ్గింది. పిలుపులు తగ్గాయి. మొన్నటి ఎన్నికల్లో ప్రచారం జీపు ఆయన దుకాణం ముందు నుంచి వేగం కూడా తగ్గించకుండా పోయింది. అది లేపిన దుమ్ము నా పుస్తకాల మీద ఇప్పటికీ ఉంది. సాయంత్రాలు గద్దె మీద భాయ్, నేను, ఇద్దరమే. చాయ్ తెచ్చే కెటిల్‌వాడు ఎన్ని అని అడగడం కూడా మానేసి రెండు కప్పులు పెట్టి పోతున్నాడు.

సంఘం ఎన్నిక ముందు రోజు మధ్యాహ్నం నేను భాయ్ గద్దె మీద ఉండగా మందుల దుకాణం ఆయన వచ్చాడు. మా సంఘానికి ఆయనే కార్యదర్శి.

"ఒక శాల్ కావాలె భాయ్. జర మంచిది."

"ఎవరికి?"

కార్యదర్శి ఫ్యాను వైపు చూశాడు. "ఒక కార్యక్రమం ఉన్నది తియ్."

"కార్యక్రమానికి కప్పుతరా, మనిషికి కప్పుతరా? మనిషి ఎట్లుంటడు?"

"జర దొడ్డుగుంటడు."

మా బజారులో దొడ్డుగా ఉండేది సిమెంటు దుకాణం ఆయన ఒక్కడే. ఆయన కూర్చోవాలని కుర్చీని విడిగా పోత పోయించారని నేనే ప్రచారం చేశాను. రేపు భాయ్ మీద పోటీకి నిలబడేది ఆయనే. ఓటుకు చేతులింకా లేవనేలేదు, శాలువా మాత్రం కొనేస్తున్నారు.

భాయ్ అప్పటికే చేతిలోకి తీసిన గులాబీ రంగు శాలువా పక్కన పెట్టాడు. "ఇది సగం భుజానికే అయితది. గిది తీస్కో." పై అరలోంచి జరీ అంచుది, అన్నిటికంటే పెద్దది దించాడు. "నా మీద కప్పినయి అన్నీ అగ్గువయే. మంచిది అడుగుడు మీకు ఇయ్యాల్నే గుర్తొచ్చింది."

కార్యదర్శి బేరమాడకుండా వెళ్లిపోయాడు.

"రేపు పోతవా భాయ్?" అన్నాను.

"పోకుంటే ఎట్ల? అధ్యక్షుడు లేకుంట మీటింగ్ ఎట్లయితది?"

మర్నాడు బడి హాలులో మీటింగు. సిమెంటు ఆయనకు లేచిన చేతుల అడవిలో కమలాపూర్ శిబిరంలోని ఏనుగులన్నీ దాక్కోవచ్చు. భాయ్ పేరు చదివినప్పుడు నా చేయి లేచింది. నా వెనక ఇంకొన్ని లేచాయి. అవి లెక్కపెట్టే శ్రమ ఎవరికీ ఇవ్వలేదు. కొత్త అధ్యక్షుడికి జరీ అంచు శాలువా కప్పి, కాయ చేతిలో పెట్టారు. ఆయన ఆ శాలువా తీసి, వంగి, భాయ్ భుజాల మీద కప్పాడు. "మా పెద్దన్నవు నువ్వే భాయ్" అన్నాడు. చప్పట్లకు గోదావరి అవతలి పావురాలు లేచాయి.

ఇక్కడ ఆగాలి. చాయ్, పీచు, దుమ్ము, అన్నీ పెంచాను, కానీ ఉన్నవాటినే పెంచాను. లేనిది ఆ శాలువా కప్పడం ఒక్కటే. అది నా కల్పన. కొత్త అధ్యక్షుడు శాలువాతోనే ఫొటోలు దిగి, శాలువాతోనే జీపెక్కాడు. భాయ్‌కి ఎవరూ ఏమీ కప్పలేదు. హాలు ఖాళీ అయ్యాక మేమిద్దరం నడిచి వచ్చాం.

బస్టాండు దగ్గర పూజ సామాన్ల దుకాణం ముందు ఆయన ఆగాడు.

"ఏంది భాయ్?"

"ఖాళీ చేతుల్తోని పోతే మీ భాభీ అడుగుతది."

ఒక్కో కాయ తీసి చెవి దగ్గర ఊపి చూశాడు. ఒకటి తీసుకుని, దాన్ని రుమాలుతో తుడుచుకుంటూ ఇంటివైపు నడిచాడు.

ఏ కాయనైనా గుమ్మడికాయంత చేసి చెప్పగలను. అది మాత్రం చిన్న కాయే.