నరసన్న ఖాయం చేసిన కారు

ఆదోనిలో పాత కారు కొనాలనుకున్నవాడు ఎవడైనా ముందు నరసన్న చెవిన వేస్తాడు. ఎమ్మిగనూరు రోడ్డులో ఆయన షెడ్డు, దాన్ని ఆనుకుని నా సీటు కవర్ల అంగడి. ఇరవై ఏళ్ళుగా ఆయన ఇంజన్లు విప్పుతుంటే నేను పక్కన రెగ్జిన్ కుడుతున్నాను. ఆయన మంచితనం గురించి పొద్దంతా చెప్పగలను. ఈ ఒక్క సంగతి దాచిపెట్టి చెప్పడం మాత్రం నా వల్ల కాదు. ఇందులో నా పాలు కూడా ఉంది.

అమ్మేవాళ్ళకు నరసన్న ముందే కబురు పెడతాడు: "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యగాకండప్పా." రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందంటే అమ్మేవాడు దొంగ. చల్లటి ఇంజను నిజం చెబుతుంది, వేడెక్కిన ఇంజను బొంకుతుంది అనేది ఆయన మాట. తర్వాత ఆయిలు మూత విప్పి లోపలి పక్క వేలితో రాసి చూస్తాడు. గాలి ఫిల్టరు తీసి దులుపుతాడు. ఆదోనిలో తిరిగిన బండి అయితే జిన్నింగు మిల్లుల దూది రాలుతుంది. ఆ దూదిని చూసి, సర్వీసు జరిగి ఎన్నాళ్ళయిందో చెప్పేస్తాడు. అదేమిటో గానీ ఎప్పుడూ సరిపోతుంది. ఇంజను తెలిసినవాడికి మనిషి కూడా తెలిసిపోతాడని అనుకునేవాడు, అదే ఆయన రోగం.

పోయిన ఏడాది ఎండాకాలంలో కౌతాళం పక్క పల్లె నుంచి దేవేంద్రప్ప వచ్చాడు. పత్తి రైతు, వయసులో ఉన్నప్పుడు ట్రాక్టరు తోలినవాడు. భార్య అంజినమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు ఆదోని ఆస్పత్రికి తెచ్చి డయాలసిస్ చేయించాలి. మిషను మీద నాలుగు గంటలు పడుకుని లేచిన మనిషి బస్సులో నిలబడలేక కూలబడిపోతోంది. ఒక్కసారి తప్పినా ఒళ్ళంతా ఉబ్బి ఊపిరాడదు. అందుకే ఉన్న పొలంలో ఒక చెక్క అమ్మేశాడు.

"అంజినమ్మ డీజిల్ బండి అదురు ఓర్సుకోలేదన్నా, పెట్రోలుదే కావాల. మంచిది సూపియ్యి. దాని పానం ఆ బండి మీదే ఉండాది," అన్నాడు.

అప్పటికి దొరికినవి రెండే, రెండూ పదిహేనేళ్ళకు అటూ ఇటూ ఉన్నవి. ఆదోని బ్రోకరు దగ్గర ఒక తెల్ల ఆల్టో. కొత్త రంగు, కొత్త టైర్లు, లోపల అగరొత్తుల వాసన. నరసన్న బానెట్ మీద చెయ్యి పెట్టి నవ్వాడు. వెచ్చగా ఉంది. ఆయిలు మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగట. ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. "పైన పటారం, లోన లొటారం. కౌతాళం నుంచి వచ్చేలోపల రెండుసార్లు ఉడుకుతాది," అన్నాడు. మంచి బండే పాపం, ముగ్గురి చేతులు మారి, నీళ్ళు చూసే దిక్కు లేక అలా అయింది.

రెండోది ఎమ్మిగనూరులో ఎర్ర శాంట్రో. దేవేంద్రప్ప ఆ రోజు భార్యతో ఆస్పత్రిలో ఉండిపోయాడు. సీట్లు చూడమని నరసన్న నన్ను వెంటబెట్టుకుపోయాడు. రంగు ఎండకు వెలిసిపోయింది, హారన్ బొంగురుపోయింది, కుడి అద్దాన్ని దారంతో కట్టారు. కానీ చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. పొగ గొట్టం ముందు తెల్ల కాగితం పెడితే మరక పడలేదు. రిటైరైన ఒక మాస్టరు మొదటి నుంచీ ఒక్కడే వాడిన బండి. మాస్టరేడని అడిగితే ఆయన కొడుకు మెల్లగా చెప్పాడు. మూడు నెలల కింద గుండె ఆగి, ఆ స్టీరింగు మీదే వాలిపోయాడట.

మా వైపు మనిషి ప్రాణం పోయిన బండిని తెలిసి తెలిసి ఎవరూ ఇంటి ముందు నిలపరు.

"దేవేంద్రప్పకు చెప్పాల గదన్నా?" అన్నాను తిరిగి వచ్చేటప్పుడు.

"సెప్తే కొనడు. ఆ తెల్లది కొని ఆయమ్మను దార్లో సంపుకుంటాడు. ఇనుముకు మైలేంది జయరాజూ?"

నాకూ సబబుగానే తోచింది. కొత్త సీటు కవర్లు నా చేత్తోనే కుట్టి తొడిగాను. నోరు మూసుకున్నాను.

నెల రోజులు బండి ఒక్కనాడూ మొరాయించలేదు. అంజినమ్మ వెనక సీట్లో పడుకుని వచ్చి, పడుకునే పోయేది. మొహం కాస్త తేరుకుంది కూడా. అప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఆమె చెల్లెలు మల్లేశ్వరి చూడటానికి వచ్చింది. వాకిట్లో బండి నంబరు చూసి గుండెలు బాదుకుంది.

"అక్కా, ఇది మా వీధి మాస్టరు బండి! ఆయప్ప పానం పోయింది దీంట్లోనే!"

అంతే, అంజినమ్మ మళ్ళీ అందులో కాలు పెట్టలేదు. దేవేంద్రప్ప బండిని మంత్రాలయం తీసుకుపోయి పూజ చేయించాడు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు తొక్కించాడు. "సగం పానం పోయినదాన్ని. సావు కూసున్న తావులో నన్ను పండబెడతావా?" అందట అంజినమ్మ. ఒంట్లో ఓపికున్న రోజు బస్సెక్కేది, లేని రోజు మానేసేది.

నరసన్న నన్ను తీసుకుని ఆ పల్లెకు పోయాడు. ఆమె మంచం పక్కన కూర్చుని, ఇంజను ఎంత గట్టిదో గంటసేపు చెప్పాడు. నాకు ఆయన మీద ఒళ్ళు మండింది, నా మీద కూడా. అంతా విని ఆమె ఒక్క మాట అడిగింది.

"నీకు ముందే తెలుసా అన్నా?"

నరసన్న తల దించుకున్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు దేవేంద్రప్ప బండిని తెచ్చి, ఎవరికన్నా అమ్మిపెట్టమని షెడ్డులో వదిలిపోయాడు.

వానలు మొదలైన వారంలో వరుసగా రెండుసార్లు డయాలసిస్ తప్పింది. మూడోసారి బస్సులోనే స్పృహ పోయింది. ఆస్పత్రికి చేర్చిన గంటకు ప్రాణం పోయింది. శవాన్ని ఊరికి చేర్చే బండి ఏదీ దొరకలేదు. చివరికి దేవేంద్రప్ప మా షెడ్డుకే వచ్చి, ఆ ఎర్ర కారు తీయమన్నాడు.

నరసన్న తోలాడు, నేను ముందు కూర్చున్నాను. వెనక దేవేంద్రప్ప అంజినమ్మ తల ఒళ్ళో పెట్టుకున్నాడు. దారంతా వాన, గుంతలు. ఇంజను ఒక్కసారీ దగ్గలేదు. ఊరి పొలిమేర కనిపించింది.

"నరసన్నా," అన్నాడు అప్పుడు దేవేంద్రప్ప, కోపం ఏమీ లేకుండా. "ముందే సెప్పింటే ఆ తెల్లదే కొందుము గదన్నా. యాడన్నా ఉడికి నిలబడితే నీళ్ళు పోసుకుంటా, తోసుకుంటా వస్తాంటిమి. దాంట్లో అయితే అంజినమ్మ ఎక్కి కూసుంటాండె గదా."