వస అంటని నాలుక

మా ఇంట్లో తెలివికి హక్కుదారు మా అన్న ఒక్కడే. వాడు పసిబిడ్డగా ఉన్నప్పుడు, మాటలు బాగా రావాలని అవ్వ రోజూ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసిందట. నేను పుట్టేసరికి ఆ కొమ్ము అరిగిపోయింది. అమ్మ ఇంకొకటి తెప్పిస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకు మాటలు వాటంతట అవే వస్తాయి. ఆపేదే కష్టం" అందట.

మాది కోసిగి దగ్గర పల్లె. అన్నకు అయిదేళ్లు నిండగానే నాయన వీధిబడిలో వేశాడు. అక్కడి అయ్యవారికి పిల్లల తలల గురించి ఒక సిద్ధాంతం ఉండేది. బావిలోంచి నీళ్లు రావాలంటే తాడు లాగాలి, తలలోంచి చదువు రావాలంటే చెవి లాగాలి. నాయనకు అది బాగా నచ్చింది. అట్లా అన్న చదువంతా చెవిగుండానే సాగింది. కొన్నాళ్లకు ఎవరేమడిగినా జవాబుకంటే ముందు వాడి చెయ్యి చెవి మీదికి పోయేది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి నీ పేరేమని అడిగితే, చెవి మూసుకొని ఏడో ఎక్కం మొత్తం అప్పజెప్పాడు. "చూడండి సామీ, అడక్కుండానే చెప్తాండాడు" అని అయ్యవారు మురిసిపోయాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు వరసగా రెండేళ్లు వానలు లేవు. నాయన కూలి వెతుక్కుంటూ ఆదవాని వైపు పోయాడు. అన్నను చదువు పాడవకుండా కడపలో మేనమామ ఇంటికి పంపారు. నా దగ్గర పాడయ్యేది ఏమీ లేదు కాబట్టి పక్కింటి గాజులామె వెంట పంపారు. ఆమె భర్త పోయిన సాయిబుల ఇంటి మనిషి. ఊరూరూ తిరిగి గాజులు తొడిగేది. నేను ఆమెను వాళ్ల ఇండ్లలో పిన్నమ్మను పిలిచినట్టు ఖాలా అని పిలిచేదాన్ని.

ఖాలాకు రాయడం రాదు. ఏ ఇంటి కోడలి మణికట్టు ఎంత లావు, ఎవరికి పచ్చగాజులు నచ్చవు, ఎవరికి నెలలు నిండాయి, అన్నీ తలలోనే పెట్టుకునేది. అవన్నీ నన్నూ గుర్తుపెట్టుకోమనేది. పడమటి ఊళ్లలో ఆడవాళ్లు కన్నడం మాట్లాడేవాళ్లు, ఖాలా చుట్టాల ఇళ్లలో ఉర్దూ. అవి వేరువేరు భాషలని కూడా నాకు తెలియదు. ఈ గడపలో ఇట్లా మాట్లాడాలి, ఆ గడపలో అట్లా మాట్లాడాలి, అంతే. తప్పు పలికితే నవ్వి, సరిదిద్ది, ఉన్నదాంట్లోనే ఇంత అంబలి పోసేవాళ్లు.

ఒకరోజు ఒక కొత్త కోడలి చెయ్యి నా చేతికిచ్చి ఖాలా అడిగింది. "కండ్లు మూసుకోని చెప్పు. చెయ్యెట్లుండాది?"

"బిగబట్టుకోని ఉండాది ఖాలా. భయపడతాంది."

"భయపడితే గాజు పగుల్తాది. ముందు మాట్లాడిచ్చు. మెత్తబడినాక ఎక్కిద్దాం."

తర్వాత వానలు పడ్డాయి. నాకు ఊళ్లోనే పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ముప్పై దాటాక వదిన కాన్పుకు సాయంగా కడప పోయాను. అన్న అప్పటికి ఒక సర్కారు కచేరీలో తెల్లదొర కింద గుమాస్తా. దొర పిలిచినప్పుడల్లా చెవి తడుముకుంటూ లోపలికి పోతాడని తోటివాళ్లు చెప్పుకునేవాళ్లు. దొర మాత్రం అది ఇక్కడి మర్యాద అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నకు సంగటి తీసుకొని కచేరీకి పోయాను. బండలగనిలో పనిచేసే ఆడకూలీలు పదిమంది దొర ముందు నిలబడి ఉన్నారు. మా పడమటి వైపువాళ్లు. కన్నడంలో ఒకేసారి మాట్లాడుతున్నారు. అన్నకు ఒక్క ముక్క అర్థం కాక చెవులు ఎర్రబడ్డాయి. నేను సంగటి గిన్నె కింద పెట్టి, పెద్దామె చెయ్యి పట్టుకొని మెల్లగా అడిగాను. గనిలో తాగడానికి నీళ్లు లేవు, మైలు దూరం పోయి తెచ్చుకుంటే మేస్త్రీ తిడుతున్నాడంది. అదే దొరకు తెలుగులో చెప్పాను. నీళ్లబండి పెట్టించమని దొర అక్కడికక్కడే రాయించాడు.

"ఈమె ఎక్కడ చదువుకుంది?" అన్నాడు అన్నతో.

"ఇంట్లోనే దొరా. నేనే చెప్పిచ్చినా."

దొర అన్న భుజం తట్టాడు. ఆ వారమంతా మేనమామ "మా వంశం తలకాయే అంత" అని వీధిలో చెప్పుకున్నాడు.

నాలుగు రోజులకు నేను బియ్యం ఏరుతుంటే అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆ కన్నడం మాటలు నాకు వస్తాయంటావా?" అన్నాడు. చెయ్యి అప్పుడే చెవి దగ్గరుంది.

"ఈడ ఎవురూ లాగర్లే అన్నా, చెయ్యి దించు."

లోపలినుంచి వదిన "మొక్కై వంగంది మానై వంగుతాదా?" అంది. నేను పాఠమేమీ చెప్పలేదు. రోజూ మాట్లాడించాను. తప్పు పలికితే నేనూ వదినా నవ్వేవాళ్లం. మొదట ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టాడు. వాడు నవ్వితే ముందుపళ్లు అంత బయటికి వస్తాయని నాకు అప్పుడే తెలిసింది. మూడో నెలలో ఆదివారం ఒక్కడే గనికి పోయి, ఆడవాళ్లతో మాట్లాడి, వాళ్లిచ్చిన వేరుశనక్కాయలు పంచెలో కట్టుకొచ్చాడు.

కచేరీలో మాత్రం పుస్తకం చూసి నేర్చుకున్నానని చెప్పాడట. నేను ఊరికి తిరిగొచ్చాక, తోటి గుమాస్తా ఒకాయన ఆ పుస్తకం కావాలని ఇంటికే వచ్చాడట. అన్న "అది మా చెల్లెలితో పాటు కోసిగికి పోయిండాది" అన్నాడని వదిన చెప్పింది.